బొమ్మకు వీపు చూపిన ఫోటో

సంపాదకులకు నమస్కారం.

గత సోమవారం మీ చెన్నై పేజీలో, కింది మూలన, ఒక చిత్రకళా ప్రదర్శన గురించి వార్త వేశారు. ఆరు పంక్తులు, పైన ఒక ఫోటో. ఫోటోలో తొమ్మిది మంది వరసగా నిలబడి ఉన్నారు. ఇద్దరి భుజాల మీద శాలువాలు, ఒకరి చేతిలో పూలగుత్తి. బొమ్మలు వేసిన అమ్మాయి ఎడమ చివర సగం తెగిపోయింది. వెనక గోడకు నాలుగున్నర అడుగుల బొమ్మ వేలాడుతోంది. దానికి వీపు పెట్టి అందరూ కెమెరా వంక చూస్తున్నారు. ముఖ్య అతిథి తలకూ పక్కనున్న ఆయన తలకూ మధ్య జానెడు మేర బూడిద రంగు కనబడుతోంది. ఆ ప్రదర్శనలో మీ పాఠకుల కంటపడింది ఆ జానెడే.

ఆరు పంక్తుల్లో నాలుగు అతిథుల పేర్లకూ హోదాలకూ పోయాయి. మిగిలిన రెండింటిలో, చిత్రకారిణి పారిస్ నగర సౌందర్యాన్ని కుంచెతో కళ్లకు కట్టారని ఉంది. గురువారం నాడు మీ లేఖల శీర్షికలో ఒక పాఠకుడు దాన్ని పట్టుకుని గట్టిగా మందలించారు. మన గోదావరి ఉండగా, మన తిరుమల కొండ ఉండగా, తెలుగు ఆడపిల్ల పరాయి దేశపు మేడలు గీయడమేమిటని ఆయన బాధ. ఆయన ప్రదర్శన చూశారని ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీ విలేకరి చూశారని వార్తలోనూ లేదు. చూసినవాణ్ని కనుక నేను రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను, ఈ వ్యవహారంలో నాకు సంబంధం ఉంది. ఆ 31 బొమ్మలకూ ఫ్రేములు కట్టింది నేనే. డబ్బు పూర్తిగా ముట్టింది, పైసా బాకీ లేదు. కనుక పొగిడితే నాకు వచ్చేదీ లేదు, తిడితే పోయేదీ లేదు.

మా కొట్టు జార్జిటౌనులో, దేవరాజ మొదలి వీధిలోంచి చీలిన ఒక సందులో ఉంది. మా తాత నెల్లూరు జిల్లా నుంచి వచ్చి పెట్టిన కొట్టు. పటాలు కట్టడం మా పని. వెంకటేశ్వరస్వామి, మురుగన్, పెళ్లి ఫోటోలు, పోయినవాళ్ల ఫోటోలు, పిల్లల డిగ్రీ పట్టాలు. చిత్రకారులు మా దగ్గరికి రావడం నా హయాంలోనే మొదలైంది. వాళ్లు బేరం ఎక్కువ ఆడతారు, డబ్బు ఆలస్యంగా ఇస్తారు, కానీ పని చూసి ఇది బాగుందనో, ఇది పాడు చేశావనో మొహం మీదే చెబుతారు. దేవుడి పటం కట్టించుకునేవాళ్లు ఎన్నడూ అలా చెప్పరు. మూల సరిగ్గా అతకకపోయినా దండం పెట్టుకుని పట్టుకుపోతారు.

ఈ అమ్మాయి మొదటిసారి కొట్టుకు వచ్చినప్పుడు, "బాబాయిగారూ, పారిస్‌లో తొమ్మిది నెలలు ఉండి వచ్చాను, అక్కడ వేసిన బొమ్మలివి" అంది. బయట లారీ హారను మోగుతోంది, నాకు సరిగ్గా వినబడలేదు. "ప్యారీస్‌లోనా? ఎక్కడమ్మా, హైకోర్టుకు ఇటువైపా, అటువైపా?" అన్నాను. మరి మాకు ప్యారీస్ అంటే హైకోర్టు దగ్గరి ప్యారీస్ కార్నర్ కూడలే. 1788లో ఇక్కడ వ్యాపారం మొదలుపెట్టిన థామస్ ప్యారీ దొర పేరు ఆ మూలకు నిలిచిపోయింది. బస్సులకు అదే గమ్యం, మా సరుకంతా అక్కడే దిగుతుంది. అమ్మాయి నవ్వీ నవ్వీ నా స్టూలు మీద కూలబడింది. ప్రదర్శనలో 17వ బొమ్మ కింద ఉన్న చిన్న చీటీ మీద "ప్యారీస్ కార్నర్" అని రాసి ఉంటుంది. అది పారిస్‌లోని ఒక వీధి మూల. ఆ పేరు అక్కడికి ఎలా చేరిందో ఈ ఉత్తరం చదివినవాళ్లకు మాత్రమే తెలుస్తుంది.

31లో 22 కాగితం మీద వేసినవి, 9 కాన్వాసు మీద వేసినవి. కాగితాలను గొట్టంలో చుట్టి తెచ్చింది. మందపాటి పత్తి కాగితం, బయటికి తీస్తే చాప చుట్టలా మళ్లీ చుట్టుకుపోతోంది. ప్లైవుడ్ పలకల మధ్య పరిచి, పైన అద్దం ముక్కల పెట్టె బరువు పెట్టి, అయిదు రోజులు ఆగాను. అది నవంబరు. ఆ నెలలో మా వీధిలో గాలిని పిండితే నీళ్లు కారతాయి. ఇక్కడ కాగితం బొమ్మకు ఫ్రేము కట్టేవాడు ఒక్క సంగతి మరచిపోకూడదు. అద్దం బొమ్మను తాకరాదు. మధ్యలో మౌంటు బోర్డు, అంటే బొమ్మ చుట్టూ వచ్చే మందపాటి అట్ట, పెట్టి సందు వదలకపోతే, ఒక్క వానాకాలంలో బూజు చుక్కలు లేస్తాయి. నీటి రంగుల బొమ్మ మీద బూజు లేస్తే తుడిచేందుకు వీలుండదు. బూజుతోపాటు రంగూ వస్తుంది. బీడింగు, అంటే ఫ్రేముకు వాడే చెక్క పట్టీ, దగ్గర మా ఇద్దరికీ కొంచెం వాదన జరిగింది. నేను సన్నటి బంగారు గీత ఉన్నది చూపించాను. తనకు పాలిష్ లేని టేకు కావాలంది. బొమ్మలన్నీ కట్టి గోడకు ఆనించి చూసుకున్నాక, అమ్మాయి మాటే నిజమని ఒప్పుకున్నాను. బూడిద రంగు పక్కన బంగారు గీత ఉంటే పెళ్లిపందిట్లోకి వచ్చిన సన్యాసిలా ఉండేది.

బూడిద రంగంటే ఇళ్ల కప్పులు. పారిస్‌లో పాత ఇళ్లకు చాలావాటికి జింకు రేకు కప్పు. మనకు రేకు కప్పు అంటే లేనివాడి ఇల్లు. అక్కడ రేకుల కిందే పెద్ద పెద్ద భవనాలు. ఆ రేకులు పరిచే పనివాళ్ల నైపుణ్యాన్ని 2024 డిసెంబరులో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. పనివాణ్ని కనుక ఈ సంగతి విని సంతోషించాను. అమ్మాయి అద్దెకున్నది ఆరో అంతస్తులో, కప్పుకు ఆనుకుని ఉన్న చిన్న గదిలో. ఒకప్పుడు కింది ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు పడుకోవడానికి కట్టినవట అవి. కిటికీ తెరిస్తే రేకులు, వాటి మీద వరసగా పొగగొట్టాల మట్టి గూనలు. అదే కిటికీ నుంచి 14 బొమ్మలు వేసింది. మీ ఫోటోలో అతిథుల వెనక ఉన్నది వాటిలో పెద్దది.

మొదట చూసినప్పుడు నాకూ విసుగే వేసింది. 14 సార్లు ఒకే కప్పా? కానీ ఫ్రేము కట్టేవాడు బొమ్మతో గంటల తరబడి ఒంటరిగా ఉంటాడు. మూడో దాని దగ్గరికి వచ్చేసరికి తేడా పట్టుబడింది. ఒకదాంట్లో రేకు పావురం మెడలా ఉంది. ఒకదాంట్లో వాన వెలిసిన రేకు, స్టీలు పళ్లెం బోర్లించినట్టు తెల్లగా ఉంది. ఒకదాంట్లో కొత్తగా మరమ్మతు చేసిన ముక్క, పాత పంచెకు వేసిన కొత్త మాసికలా మెరుస్తోంది. జూన్ నెలలో అక్కడ రాత్రి పదింటి దాకా సూర్యుడు అస్తమించడు. మనకు ఆరున్నర దాటితే దీపం పెట్టుకోవాల్సిందే. ఆ సాగిపోయిన సాయంత్రాన్ని నాలుగు బొమ్మల్లో పెట్టింది. నాలుగోదాంట్లో రేకు గులాబీ రంగుకు తిరిగి, కిటికీలు మాత్రం నల్లబడి ఉంటాయి. ఇంకో తమాషా. చిత్రకారులు వాడే తెలుపుల్లో ఒకదాని పేరు జింక్ వైట్. అది జింకు నుంచే వస్తుంది. ఆ కప్పుల మీది వెలుగుకు అమ్మాయి ఆ తెలుపే వాడింది. అనుకునే చేశావా అని అడిగితే, లేదు బాబాయిగారూ, అక్కడి కొట్టులో ఆ రోజు అదే దొరికింది అని చెప్పింది. నిజం చెప్పినందుకు నాకు ఇంకా నచ్చింది.

అసలు నేను చెప్పదలచుకున్నది 12వ బొమ్మ గురించి. అడుగున్నర వెడల్పు, అడుగు ఎత్తు, నీటి రంగులు. గ్యాలరీలో రెండో గది, తలుపు వెనక గోడ. తలుపు తెరిచి ఉంటే సగం కనబడదు. అక్కడ పెట్టవద్దని చెప్పాను, చోటు లేదన్నారు.

బొమ్మలో మేడలు లేవు, మనుషులు లేరు. కాలిబాట రాతి అంచు, దాని పక్కన రోడ్డు, ఆ అంచున పారుతున్న నీళ్లు. నీళ్లకు అడ్డంగా ఒక తివాచీ చుట్ట. పాత తివాచీ ముక్కను బిగించి చుట్టి, రెండు చోట్ల తాడుతో కట్టారు. దాని ఎరుపు వెలిసి ఇటుక రంగైంది. నీళ్లు దానిదాకా వచ్చి, చుట్టకు తగిలి, మడత పడి పక్కకు తిరుగుతాయి. ఆ తిరిగేచోట ఒక సిగరెట్టు ముక్క, రెండు ఎండుటాకులు సుడిలో చిక్కుకుని ఉన్నాయి. పై మూలన ఆకుపచ్చ చీపురు కొసలు మాత్రం కనబడతాయి.

ఇదేమిటని అడిగితే చెప్పింది. పారిస్ రోడ్ల అంచున అక్కడక్కడ నీటి తూములు ఉంటాయట. పారిశుద్ధ్య కార్మికుడు వచ్చి మర తిప్పితే కాలువలా నీళ్లు పారతాయి. అది తాగే నీరు కాదు, దానికి వేరే గొట్టాలు. నీళ్లు ఎటు పోవాలో నిర్ణయించేది ఆ తివాచీ చుట్ట. కార్మికుడు దాన్ని కాలితో ఇటు జరుపుతాడు, అటు జరుపుతాడు, పుల్లల చీపురులాగే ఉండే ఆకుపచ్చ ప్లాస్టిక్ చీపురుతో చెత్తను నీళ్లలోకి తోస్తాడు. అంత పెద్ద ఊళ్లో, అన్ని యంత్రాల మధ్య, నీళ్లకు దారి చూపేది ఒక గుడ్డ చుట్ట.

అయ్యా, ఆ బొమ్మను బల్ల మీద పెట్టుకుని నేను చాలాసేపు పని ఆపేశాను. 2015 డిసెంబరు వరదలో, మళ్లీ 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను నాడు, మా కొట్టు గడపకు అడ్డంగా నేను పెట్టింది అచ్చం అలాంటి చుట్టే. గోనెసంచులు చుట్టి, ఫ్రేములకు వాడే తీగతో కట్టాను. అమ్మాయికి ఆ మాట చెబితే, "మా అమ్మ పెరంబూరు ఇంట్లో పాత చీరలు చుట్టి పెట్టేది బాబాయిగారూ, నేను ఆ కాలువ పక్కన ఆగిపోయింది అందుకే" అంది. ఇంకో మాట కూడా అంది. 2019 ఎండాకాలంలో చెరువులు ఎండిపోయి, వీధిలోకి నీళ్ల లారీ ఎప్పుడు వస్తుందా అని బిందెలు వరసలో పెట్టి కూర్చున్నదట. అలాంటి పిల్ల పారిస్ వెళ్లి, మొదటి పొద్దున వీధిలోకి దిగి, రోడ్డు కడగడానికి పారుతున్న నీళ్లు చూసింది. ఆ ఊళ్లో పుట్టినవాడు ఆ నీళ్లను దాటుకుంటూ ఆఫీసుకు పోతాడు. ఈ పిల్ల ఆగి బొమ్మ వేసింది. గురువారం నాడు ఉత్తరం రాసిన పెద్దమనిషిని అడుగుతున్నాను, ఇది పరాయి దేశపు మేడ అవుతుందా?

గోదావరి మాటకొస్తే, నా చేతుల మీదుగా ఎన్ని గోదావరి సూర్యాస్తమయాలు పోయాయో లెక్కలేదు. ఒక పడవ, తెరచాప, నారింజ రంగు ఆకాశం, ఒడ్డున రెండు కొబ్బరిచెట్లు. వాటిలో చాలావాటిని వేసినవాళ్లు గోదావరి ఒడ్డున నిలబడినవాళ్లు కారు. క్యాలెండరు చూసి వేసినవాళ్లు. మరొకటి. మన ఇళ్లలో తరతరాలుగా పూజలందుకున్న రవివర్మ లక్ష్మి, సరస్వతి పటాలు ఎలా వచ్చాయి? ఆయన 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టించి, జర్మన్ నిపుణుల సాయంతో అచ్చు వేయించాడు. మా తాత కట్టిన పటాల్లో చాలా భాగం అవే. లక్ష్మీదేవి పరాయిదని ఎవరూ కొట్టు గడప నుంచి వెనక్కి పంపలేదు.

అలాగని అన్నీ గొప్ప బొమ్మలని నేను అనను. ఈఫిల్ టవర్ ఉన్నవి రెండున్నాయి. రెండూ తేలిక. అమ్మాయికీ ఆ సంగతి తెలుసు, గ్యాలరీవాళ్లు అడిగారని పెట్టింది. మొదటి రోజే వాటి పక్కన అమ్ముడుపోయినట్టు ఎర్ర చుక్కలు పడ్డాయి. నా వృత్తి అనుభవం కూడా అదే చెబుతుంది, గుర్తుపట్టగలిగింది ముందు అమ్ముడవుతుంది. కాఫీ హోటలు కుర్చీల బొమ్మ కూడా నాకు ఆనలేదు. పారిస్‌లో శ్రీలంక తమిళుల కొట్లు ఎక్కువగా ఉండే లా షాపెల్ అనే పేట ఉంది. అక్కడ ఏటా వినాయకుడి రథం ఊరేగిస్తారు, నడివీధిలో కొబ్బరికాయలు రాశులు పోసి కొడతారు. దాన్నీ ఒక పెద్ద కాన్వాసు చేసింది. తడిసిన తారు మీద తెల్ల కొబ్బరి చెక్కలు, వాటి మధ్య చెప్పులు లేని పాదాలు, ఆ భాగం చూస్తే నోట మాట రాదు. పైన జనం మొహాలు మాత్రం తొందరలో కానిచ్చింది. ఇంకో నెల పట్టి ఉండాల్సింది. ఇది ఆమెకూ చెప్పాను. రెండు రోజులు నా కొట్టుకు రాలేదు, మూడో రోజు మేకులు అడగడానికి వచ్చింది.

పారిస్ దారి మనవాళ్లకు కొత్తదీ కాదు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారు శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకుని, మన మద్రాసులోనే కళాక్షేత్రలో 1947 నుంచి 1950 దాకా చిత్రకళ శాఖ చూశారు. తరువాత లండన్, ఆ పైన పారిస్. అక్కడ హేటర్ అనే ఆయన నడిపే అటెలియే 17 అనే కర్మశాలలో పనిచేస్తూ, ఒకే లోహపు పలక మీద నుంచి ఒకే ఒత్తిడిలో అనేక రంగులు అచ్చు వేసే పద్ధతిని సాధించిన వాళ్లలో ఆయన ముఖ్యుడు. కొన్నేళ్ల క్రితం అడయారులోని ఒక పాత ఇంటి నుంచి ఆయన ప్రింటు ఒకటి ఫ్రేము మార్చడానికి నా దగ్గరికి వచ్చింది. అద్దం తీసి చూస్తే రంగులు ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడా కలిసి బురద కాకుండా ఉన్నాయి. ఎలా సాధ్యమని తెచ్చినాయన్ని అడిగితే ఓపిగ్గా చెప్పాడు. పలకను రకరకాల లోతుల్లో చెక్కుతారు. గట్టి రోలరు మిట్టల మీదే దొర్లుతుంది, మెత్తటి రోలరు పల్లాల్లోకి దిగుతుంది. ఒక రంగులో నూనె ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ. నూనె ఎక్కువ ఉన్న రంగు ముందు పడితే, దాని మీద చిక్కటి రంగు అంటదు. పనసకాయ కోసేముందు చేతులకు నూనె రాసుకుంటే పాలు అంటవు చూడండి, అదే కిటుకు. చిత్తూరు జిల్లాలో పెరిగినవాడికి ఈ కిటుకు పారిస్‌లో తట్టిందంటే నేను ఆశ్చర్యపోను. ఆయన 2018లో న్యూయార్క్‌లో పోయారు. నా దగ్గరికి వచ్చే తెలుగు ఖాతాదారుల్లో పదిమందిని అడిగితే ఒక్కరికీ ఆయన పేరు తెలియలేదు. మరి పత్రికల్లో శాలువాల ఫోటోలే వస్తుంటే ఎలా తెలుస్తుంది?

మీ విలేకరి మీద నాకు కోపం లేదు. యువకుడు, ఆ సాయంత్రం అతనికి ఇంకా రెండు సభలు ఉన్నాయట, స్కూటరు తాళం చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. జ్యోతి వెలిగించడం అయింది, ఫోటో తీశాడు, అతిథుల పేర్లు రాసుకున్నాడు, ఒక కారప్పూస పొట్లం తీసుకుని వెళ్లాడు. పదకొండు నిమిషాలు. అరగంట ముందు వచ్చినా, అరగంట తరువాత వచ్చినా గది ఖాళీగా ఉండేది, బొమ్మలు కనబడేవి. అతిథులను ఫోటో తీయక తప్పదంటే, టీ బల్ల పక్కన గోడ ఖాళీగానే ఉంది. అక్కడ నిలబెట్టవచ్చు.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. ఒకసారి మనిషిని మళ్లీ పంపండి. 12వ బొమ్మ ముందు ఒక్క పది నిమిషాలు నిలబడమనండి. మీ రంగుల పేజీలో దాన్ని, మనుషులెవరూ అడ్డం లేకుండా, అరచేతి మేర వేయండి. కింద అమ్మాయి పేరు వేయండి, నా పేరు మాత్రం ఈ ఉత్తరం కింద కూడా వద్దు. వేస్తే కొట్టు ప్రచారం అనుకుంటారు. గురువారం ఉత్తరం రాసిన పెద్దమనిషి వస్తానంటే ఆయనను కూడా రమ్మనండి. బొమ్మలు చూసి తిడితే నాకు అభ్యంతరం లేదు, టీ నేనే ఇప్పిస్తాను.

గ్యాలరీ పొద్దున పదకొండు నుంచి రాత్రి ఏడు దాకా తెరిచి ఉంటుంది. రెండో గదిలోకి వెళ్లినప్పుడు తలుపు మూసి చూడాలి, లేకపోతే 12 కనబడదు. ఆదివారంతో సరి. ఆ రోజు ఏడు గంటలకు గోడల మేకులు పీకడానికి నేనే వస్తాను. ఏడున్నర దాకా ఆగమంటే ఆగుతాను.

ఇట్లు,
మీ పత్రిక పాత చందాదారు,
పటాలు కట్టే కొట్టు, జార్జిటౌను, చెన్నై.